ఆరంభాన్ని చూసే కళ్లు: బాలాపూర్ నుంచి ఒక ప్రణాళిక

బాలాపూర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది గణపతి లడ్డూ. 1994లో 450 రూపాయలకు మొదలైన ఆ వేలంపాట ఇవాళ లక్షల్లో నడుస్తోంది. ఆ తర్వాత గుర్తొచ్చేవి పక్కనే ఉన్న రీసెర్చ్ సెంటర్ ఇమారత్, అక్కడి క్షిపణులు. ఈ ఊరి పేరు మూడో కారణంతో కూడా వినబడాలని మేము సంకల్పించాం. కంటికి ఆనని ఒక అణువు ఆకారాన్ని తెలుగులో చదివి, తెలుగులో తర్కించి, చేత్తో కట్టి చూసుకునే మనుషుల ఊరుగా దీన్ని నలుగురూ ఎరగాలి.

మేమెవరమంటే, బాలాపూర్ చౌరస్తా నుంచి మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ దాకా పరుచుకున్న బస్తీల వాళ్లం. మాలో డయాగ్నస్టిక్ సెంటర్లలో రక్తం తీసేవాళ్లున్నారు. మందుల షాపు కౌంటర్ వెనక రాత్రి పదకొండు దాకా నిలబడేవాళ్లున్నారు. బైపీసీ పాఠాలు చెప్పేవాళ్లు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, వాళ్లకు అన్నం వండిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. మా ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. పని ముందు, పేరు తర్వాత అనుకున్నాం.

మేము చేపట్టిన విషయం చాలా చిన్నది. చాలా బ్యాక్టీరియాల లోపల వాటి అసలు క్రోమోజోముతో పాటు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట ఒకటి ఉంటుంది. 1952లో జోషువా లెడర్‌బర్గ్ దానికా పేరు పెట్టాడు. ఆ చుట్ట తనను తాను నకలు తీసుకోవాలంటే ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. చాలా ప్లాస్మిడ్లలో ఆ పని చేసేది రెప్ అనే ప్రొటీన్. మేము కలుసుకునే గదికి వచ్చే పిల్లలు దాన్ని 'రెప్ప' అంటారు. తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేసే వస్తువుకు అంతకంటే తగిన పేరు మాకూ తోచలేదు. ఈ ప్రణాళికలో మేమూ అలాగే పిలుస్తాం. ఇవీ మా నమ్మకాలు.

ఒకటి. చంపడమే వైద్యమన్న యుగం ముగిసింది. ఇక ఆరంభాలను అర్థం చేసుకునే యుగం మొదలవ్వాలి.

కొత్త మందు వస్తుంది, నాలుగేళ్లు తిరక్కుండానే దానికి లొంగని సూక్ష్మజీవి వస్తుంది, మళ్లీ ఇంకో మందు. ఈ పరుగులో 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అధ్యయనం లెక్కగట్టింది. లొంగని గుణాన్ని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసుకెళ్లే వాహనాల్లో ముఖ్యమైనది ప్లాస్మిడ్.

ఇందులో మన ఇంటి కథ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే సంస్థలో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, అక్కడే బెంజమిన్ డగ్గర్ చేతుల్లో ఆరియోమైసిన్ రూపుదిద్దుకుంది. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ల వంశానికి తొలిబిడ్డ. పాతికేళ్లు గడిచాయి. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్‌లు జన్యువులను అతికించి బ్యాక్టీరియాలో పెంచడానికి ఎంచుకున్న ప్లాస్మిడ్ పీఎస్‌సీ101. అది మోస్తున్న జన్యువు టెట్రాసైక్లిన్‌ను తట్టుకునేది. ఆ ప్లాస్మిడ్ నకలును మొదలుపెట్టేది రెప్‌ఏ అనే రెప్ప. ఒక తెలుగువాడి పర్యవేక్షణలో పుట్టిన మందుకు ఎదురుగా నిలిచిన గుణమే జన్యు ఇంజినీరింగ్‌కు తొలి ఆనవాలు అయింది. మందు మన చరిత్ర అయినప్పుడు దాన్ని ఓడించిన యంత్రాన్ని చదవడం కూడా మన వంతే.

రెండు. ఆకారం తెలియనంతవరకు తెలిసిందన్న మాట సగమే నిజం.

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం. మేమంతా ఒక చోట చేరడానికి కారణం ఇప్పుడు చెప్పబోయే ఒక్క బొమ్మే.

ఎఫ్ ప్లాస్మిడ్ అనేది ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఉంటుంది, ఒక్కో కణానికి ఒకటో రెండో. దాని రెప్ప పేరు రెప్‌ఈ. 251 అమైనో ఆమ్లాల గొలుసు. 1999లో జపాన్‌లోని క్యోటో శాస్త్రవేత్తలు దాన్ని డీఎన్‌ఏ ముక్కను పట్టుకుని ఉన్న భంగిమలోనే స్ఫటికం చేసి, ఎక్స్‌రేలు పంపి, 2.6 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూశారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. ఆ చిత్రం ప్రొటీన్ డేటా బ్యాంకులో 1ఆర్‌ఈపీ అన్న గుర్తుతో ఉంది. పైసా కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాలాపూర్ చౌరస్తాలో నిలబడి ఫోన్‌లో తెరిచి వేలితో తిప్పి చూడొచ్చు.

తిప్పి చూస్తే ఏం కనబడుతుంది? మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడును రెండు చేతులూ చెరో చోట పట్టుకోవడం చూశారు కదా. రెప్‌ఈ డీఎన్‌ఏను పట్టుకునే తీరు అదే. దానిలో రెండు భాగాలున్నాయి. ఒకదానికొకటి అచ్చం కాకపోయినా పోలిక తప్పని తోబుట్టువులు. ఒక్కోదాన్ని 'రెక్కల సర్పిలం' అంటున్నాం మేము: మెలిక తిరిగిన కడ్డీల గుత్తి, దాని పక్కన రెక్కలా చాచుకున్న ఒక మడత. ప్రతి భాగం నుంచి ఒక కడ్డీ వెళ్లి డీఎన్‌ఏ మెలికలోని పెద్దగాడిలో కూర్చుంటుంది. రెండు పట్ల మధ్య డీఎన్‌ఏ తాడు. తాడులోని అక్షరాల్ని ఆ కడ్డీ తడిమి చదువుతుంది.

ఏ అక్షరాలు చదువుతుందన్నది ఇంకా అందంగా ఉంటుంది. ఎఫ్ ప్లాస్మిడ్‌లో నకలు మొదలయ్యే చోట 19 అక్షరాల మాట ఒకటి నాలుగుసార్లు వరసగా వస్తుంది. మన వ్యాకరణంలో మాట రెట్టిస్తే ఆమ్రేడితం అంటాం. ఇది డీఎన్‌ఏ పలికిన ఆమ్రేడితం. ఒక్కో ఆవృత్తి మీద ఒక్కో రెప్‌ఈ కూర్చుంటుంది. అప్పుడు పక్కనే ఉన్న ఏ, టీ అక్షరాలు ఎక్కువున్న మెత్తని చోట డీఎన్‌ఏ జంటపేట విడిపోతుంది. ఆతిథ్యమిచ్చిన కణం తన డీఎన్‌ఏఏ ప్రొటీన్‌ను సాయానికి పంపుతుంది. పేటలు విప్పే హెలికేజ్ వచ్చి ఎక్కుతుంది. నకలు మొదలవుతుంది.

ఇదే రెప్‌ఈ ఇంకో చోట కూడా కూర్చుంటుంది, తన సొంత జన్యువు గడప మీద. అక్కడి అక్షరాల అమరిక ఆమ్రేడితం కాదు, వికటకవి. ఈ పేట మీద ఇటునుంచి చదివినా, ఎదురు పేట మీద అటునుంచి చదివినా దాదాపు ఒకటే మాట. అలాంటి చోట కూర్చోవడానికి ఒంటరి రెప్‌ఈ పనికిరాదు. రెండు రెప్‌ఈలు అద్దంలో బింబంలా జతకట్టి కూర్చోవాలి. అలా కూర్చుంటే సొంత జన్యువు నోరు మూసుకుంటుంది, కొత్త రెప్‌ఈ తయారీ తగ్గుతుంది. ఆ జంట ఆకారం 2007లో బయటపడింది. ఒంటరిగా ఉన్నప్పుడూ జతగా ఉన్నప్పుడూ రెండు భాగాలూ ఒకదానికొకటి తిరిగి ఉండే కోణమే మారిపోతుందని తేలింది. ప్రొటీన్ ఒకటే, కోణం మారితే విధి మారుతుంది. ఈ సంగతిని ఎన్ని పేజీల్లో రాసినా చూస్తే కలిగే ఎరుక కలగదు. అందుకే ఆకారం చూడాలని మా పట్టుదల.

ఇంకొక్క మాట చెప్పనివ్వండి. 1999 నాటి స్ఫటికంలో ఉన్నది అసలు రెప్‌ఈ కాదు. 118వ స్థానంలో ఆర్జినిన్ బదులు ప్రోలిన్ ఉన్న రకం. 251లో ఒక్క అక్షరం మారితే జతకట్టే బుద్ధి పోయి ఒంటరిగా ఉండిపోతుంది, ఆగకుండా మొదలుపెడుతూ పోతుంది. ఒక్క అచ్చుతప్పు ఒక ప్లాస్మిడ్ నడతను మార్చడాన్ని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మాకు ఇంకోటి తెలియదు.

మూడు. జీవం నేర్పే మొదటి పాఠం నిగ్రహం. దాన్ని శత్రువు దగ్గరైనా నేర్చుకుంటాం.

హద్దు లేకుండా పెరిగే ప్లాస్మిడ్ తనకు అన్నం పెట్టే కణాన్నే చంపుకుంటుంది. అందుకే ప్రతి ప్లాస్మిడూ తన సంఖ్యను తానే అదుపు చేసుకునే ఏర్పాటు చేసుకుంది. రెప్ప జతలుగా ఉంటే మొదలుపెట్టదు. ఆ జతల్ని విడదీసి ఒంటరుల్ని చేసేది కణంలోని డీఎన్‌ఏకే, డీఎన్‌ఏజే లాంటి సహాయ ప్రొటీన్లు. వేడి తగిలినప్పుడు కణాన్ని కాపాడేవి కూడా అవే. ప్లాస్మిడ్లు మరీ ఎక్కువైతే ఒక ప్లాస్మిడ్ మీది రెప్పలు ఇంకో ప్లాస్మిడ్ మీది రెప్పలతో చేతులు పెనవేసుకుని రెండింటినీ కదలనివ్వవు. శాస్త్రవేత్తలు దీన్ని సంకెళ్లు వేయడం అంటారు.

స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియాలోని పీటీ181 అనే చిన్న ప్లాస్మిడ్‌ది వేరే పద్ధతి. దాని రెప్ప డీఎన్‌ఏ ఒక పేటను కోసి, ఆ కొస నుంచి చుట్టూ తిప్పుతూ నకలు తీయిస్తుంది. పని అయ్యాక చిన్న డీఎన్‌ఏ ముక్క ఆ రెప్పకే అతుక్కుపోతుంది. ఇక అది రెండోసారి మొదలుపెట్టలేదు. ఓటు వేశాక వేలిమీద సిరా చుక్క పెట్టినట్టే. ఒక మనిషికి ఒక ఓటు, ఒక రెప్పకు ఒక ఆరంభం.

ఆలివ్ చెట్లకు బుడిపెలు తెచ్చే బ్యాక్టీరియాలోని పీపీఎస్10 ప్లాస్మిడ్ రెప్ప మీద మాడ్రిడ్‌లో రఫాయెల్ గిరాల్డో బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ రెప్‌ఏ మొదటి భాగం డీఎన్‌ఏ తగిలినప్పుడు మడత మారి, పక్కవాటి మడతనూ మారుస్తుందని ఆ బృందం చూపింది. పాలలో తోడు వేస్తే గిన్నెంతా పెరుగైనట్టు. అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ పోగుల తీరు కూడా ఇదే. బ్యాక్టీరియా మాత్రం ఆ తీరును తన ప్లాస్మిడ్ సంఖ్యను ఆపే తాళంగా వాడుకుంటోంది. ఇది చదివిన రాత్రి మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాలుగు. నీటికీ ఇంటిపేర్లుంటాయి. అవి బహిరంగంగా ఉండాలి.

ప్లాస్మిడ్లను గుర్తుపట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది రెప్ప జన్యువును చూసి వర్గం చెప్పడం. 2005 నుంచి పీసీఆర్‌తో, ఆ తర్వాత కంప్యూటర్‌లో అక్షరాల వరస పోల్చి ఈ పని చేస్తున్నారు. అంటే రెప్ప ప్లాస్మిడ్‌కు ఇంటిపేరు లాంటిది. ఒకే రెప్ప అదుపులో నడిచే రెండు ప్లాస్మిడ్లు ఒకే కణంలో ఎక్కువ కాలం కలిసి ఉండలేవు. సగోత్రం పొత్తు కుదరదు. ఏ ప్లాస్మిడ్ ఎవరితో కలిసి ప్రయాణిస్తుందో, ఎవరిని బయటికి నెడుతుందో చెప్పేది ఆ ఇంటిపేరే.

మన నగరం పడమటి కొసన పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. 2014లో ఆ ప్రాంతపు కాజీపల్లి చెరువు నీటిలోని డీఎన్‌ఏను మొత్తంగా చదివినప్పుడు తెలిసిన ప్లాస్మిడ్లు 26, కొత్తవిగా తోచినవి 21 బయటపడ్డాయి. పడమటి చెరువు కథ తూర్పు బస్తీకి ఎందుకని అడగొద్దు. ప్లాస్మిడ్‌కు పిన్‌కోడ్ లేదు.

సరూర్‌నగర్ చెరువు, బాలాపూర్ చెరువు, మూసీ: వీటిలో ఏ ఇంటిపేర్ల ప్లాస్మిడ్లు తిరుగుతున్నాయో ఏటా లెక్కతీసి, వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాలి. ఇది మా మొదటి కోరిక. ఈ లెక్క తీయాల్సింది భద్రతా ఏర్పాట్లున్న ప్రయోగశాలలు. మా గదుల్లో బ్యాక్టీరియాను పెంచం, ఎవరినీ పెంచనివ్వం. మేము చదువుతాం, అడుగుతాం, నలుగురికీ చెబుతాం.

ఐదు. ఈ జ్ఞానం పరాయిది కాదు.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ దయానంద సిద్దవటం బృందం పురుగుమందుల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ప్లాస్మిడ్ల మీద పనిచేసింది. ఫిలిప్పీన్స్ వరిపొలాల నుంచి వచ్చిన ఒక బ్యాక్టీరియాలోని పీపీడీఎల్2 అనే ప్లాస్మిడ్ మొత్తం 37,317 అక్షరాలనూ చదివి 2012లో ప్రచురించారు. నకలు మొదలయ్యే చోటునూ, రెప్‌ఏ జన్యువునూ అందులో గుర్తించారు. పారాథియాన్ లాంటి విషాన్ని విరగ్గొట్టే శక్తి ఒక చుట్ట మీద ప్రయాణిస్తోందని తేల్చారు. ప్లాస్మిడ్ ఎప్పుడూ శత్రువే కాదని మేము ఇక్కడే నేర్చుకున్నాం. మోసేది ఏమిటన్నదాన్ని బట్టే మంచీ చెడూ.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచే 2013లో ఇంకో కబురు వచ్చింది. ఎసినెటోబ్యాక్టర్‌లో దొరికిన పీటీఎస్236 అనే బుల్లి చుట్ట, అమెరికాలో మెదడు జబ్బుల నమూనాలతో పాటు బయటపడిన స్ఫింక్స్ 2.36 అనే చుట్టను పోలి ఉందని. ఇలాంటి చుట్టల్నే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆవుపాలలో చూశారు, ఒక మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి నుంచి వేరుచేశారు. 2019లో ఆ రోగి చుట్ట తాలూకు రెప్ప మొదటి భాగాన్ని స్ఫటికం చేసి చూస్తే అదే రెక్కల సర్పిలం కనబడింది, ప్లాస్మిడ్ రెప్పల పోలిక తప్పలేదు. ఇవి జబ్బుకు కారణమని రుజువు కాలేదు, ఆ మాట గట్టిగా చెప్పే బాధ్యత మాపై ఉంది. కానీ గచ్చిబౌలిలోని ఆ విశ్వవిద్యాలయపు పరిశోధన ఒక ప్రపంచ ప్రశ్నకు తలుపు దగ్గర నిలబడి ఉందన్నది నిజం.

రెప్ప లేకుండా ఆర్‌ఎన్‌ఏతోనే మొదలయ్యే ప్లాస్మిడ్లూ ఉన్నాయి. అలాంటివి కొన్ని ఉత్పరివర్తనల్లో అదుపు తప్పి ఎందుకు పెరుగుతాయో 2003లో వివరించింది హబ్సిగూడలోని మన సీసీఎంబీయే. బాలాపూర్ నుంచి హబ్సిగూడకు ఒక్క బస్సు మారితే చాలు. దూరం కిలోమీటర్లలో లేదు, భాషలో ఉంది.

ఆరు. అందుకని తెలుగులోనే.

ఆమ్రేడితం, వికటకవి, తోడు, ఇంటిపేరు, సిరా చుక్క: ఈ మాటలు మేము కష్టపడి కల్పించినవి కావు. అవి ముందే ఉన్నాయి, ఎవరూ పిలవలేదు. ప్లాస్మిడ్, ప్రొటీన్, డీఎన్‌ఏ కూడా ఇప్పుడు మన మాటలే, వాటికి సంస్కృతం తొడుగు వేయాల్సిన పనిలేదు. నిఘంటువు కోసం ఆగం. ముందు మాట్లాడతాం, నిలిచిన మాట నిలుస్తుంది.

ఏడు. మేము కోరుకునే రేపు ఇది.

మందులషాపు కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయి, జ్వరానికి నాలుగు సిప్రో బిళ్లలు చీటీ లేకుండా అడిగిన మనిషికి, ఎందుకివ్వకూడదో బొమ్మ గీసి చెప్పగలుగుతుంది. ఆస్పత్రి రిపోర్టులో ఏ మందు పనిచేయదన్నదే కాక, ఆ గుణం ఏ ఇంటిపేరు ప్లాస్మిడ్ మీద వచ్చిందో కూడా ఉంటుంది. జెనరల్ వార్డులో ఆ ఇంటిపేరు రెండోసారి కనబడగానే మూడో మంచానికి చేరకముందే ఆపుతారు. బ్యాక్టీరియాను చంపకుండా, దాని చేతిలోని ఆయుధాన్ని మాత్రమే జారవిడిచేలా చేసే వైద్యం వస్తుంది. రెప్ప జతల్ని విడిపోనివ్వని అణువో, ఆమ్రేడితం మీద దాన్ని కూర్చోనివ్వని అణువో ఎవరో ఒకరు కట్టాలి. అప్పుడు కణం విభజన చెందుతూ పోయేకొద్దీ ప్లాస్మిడ్ పంపకానికి చాలక రాలిపోతుంది, పాత మందు మళ్లీ పనిచేస్తుంది. ఆ అణువును కట్టే చేతులు జిల్లెలగూడ ప్రభుత్వ బడి నుంచి రావాలని మేము కోరుకుంటున్నాం. అత్యాశ కాదిది. 1971లో ఏడే ఆకారాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి, అన్నీ ఉచితం. అమైనో ఆమ్లాల వరస ఇస్తే ఆకారాన్ని ఊహించి చెప్పే కంప్యూటర్ విధానానికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ ఊహ సబబో కాదో పరీక్షించే గీటురాళ్లలో ఒకటి 1963లో మద్రాసులో జీ.ఎన్. రామచంద్రన్ గీసిన పటం. పరికరాలు గుమ్మంలోకి వచ్చాయి. కూర్చుని చూసే ఓపిక మన దగ్గర ఉండాలి.

మిత్రమా, ఇంతవరకు చదివారంటే మీరు సగం మాతో నడిచినట్టే. మిగతా సగానికి డిగ్రీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున మా గదిలో రెప్‌ఈని కడుతున్నాం. రాగితీగతో రెండు సర్పిలాల గుత్తులు, అట్టముక్కతో రెండు రెక్కలు. డీఎన్‌ఏకు నాలుగు రంగుల పూసలు: ఒక్కో ఆమ్రేడితానికి 19, నాలుగింటికి 76, ఎదురు పేటతో కలిపి 152. బేగంబజార్ నుంచి పూసలు తెచ్చాం, ఎర్రవి తక్కువపడ్డాయి. ఇంట్లో తెగిన దండ ఉంటే పట్టుకు రండి.